ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో ‘లోకల్’

హైదరాబాద్‌కి కొత్తగా వస్తున్నవాళ్లు ఫోన్ చేసి ముందు అద్దెలెలా ఉన్నాయని అడుగుతారు, తర్వాత ట్రాఫిక్ సంగతి. అసలు అడగాల్సింది, ఇక్కడ ‘లోకల్’ అని ఎవర్ని లెక్కపెడతారన్నది, మాత్రం ఎవరూ అడగరు, అలాంటిదొకటి ఉందనే తెలియదు కాబట్టి. అది పిల్లాడు ఇంటర్ పాసయ్యాక తెలుస్తుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. 2008లో విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్‌లో దిగాను, అప్పట్నుంచీ కూకట్‌పల్లి చుట్టుపక్కలే నా బతుకు. మా మేనల్లుడు పదో తరగతి దాకా ఊళ్లోనే చదివి ఇంటర్‌కి నా దగ్గరకొచ్చాడు. మావయ్య ఇల్లుంది, వీధికో కాలేజీ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం అందరం. 2025లో తెలంగాణ ఎప్‌సెట్ రాశాడు, ర్యాంకు కూడా బాగానే వచ్చింది. తీరా కౌన్సెలింగ్ వివరాలు నింపుతుంటే తేలింది, వాడు ఇక్కడ లోకల్ కాదని. పోనీ ఆంధ్రాలో చూద్దామంటే అక్కడా చివరి నాలుగేళ్ల చదువే లెక్క, వీడేమో అందులో రెండేళ్లు రాష్ట్రం బయట ఉన్నాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదీ మావాడి పరిస్థితి. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి ఉంటాయి కదా, అక్కడ సొంత రాష్ట్రమంటే ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్నదే. అంటే వరంగల్ ఎన్‌ఐటీ లెక్కలో మావాడు పక్కా తెలంగాణ కుర్రాడు, ఆ పక్కనే ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ లెక్కలో పరాయివాడు. చివరికి మేనేజ్‌మెంట్ సీటులో చేరాడు. ఎంత కట్టామో అడక్కండి.

ఆ నెలంతా జీవోలు తిరగేస్తూ కూర్చుంటే నాకు అర్థమైంది ఒకటే. హైదరాబాద్‌లో ‘లోకల్’ అనే మాటకి ఒక్క అర్థం లేదు. కాలేజీ కిటికీ దగ్గర ఒకటి, ఉద్యోగం కిటికీ దగ్గర ఇంకొకటి, బస్సులో ఒకటి, ఆర్టీఏ ఆఫీసులో మరొకటి. ఒక్కో చోట ఒక్కోటి లెక్కపెడతారు. ఇక్కడ పదిహేడేళ్లుగా ఉంటున్నాను, పన్ను కడుతున్నాను, ఇక్కడే పెళ్లయింది అంటే చాలా కిటికీల దగ్గర అది లెక్కలోకే రాదు.

ఇదంతా ఎందుకొచ్చిందో తెలియకపోతే ఎవరో మనమీద కక్షగట్టారనిపిస్తుంది, కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం. ఈ లోకల్, నాన్‌లోకల్ గొడవ ఆంధ్రావాళ్లు వచ్చాక పుట్టింది కాదు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ కాలంలో ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లని తెచ్చి పాలనలో పెట్టుకున్నప్పుడే ఇక్కడి పాత కుటుంబాలు గొణిగాయి. ముల్కీ, గైర్‌ముల్కీ అనే మాటలు ఆ కాలానివి. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఇక్కడివాడు, గైర్‌ముల్కీ అంటే బయటివాడు. 1919లో నిజాం ఫర్మానాతో అది రూలైంది, సర్కారు కొలువు కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండి ఉండాలని. 1956లో రెండు ప్రాంతాలు కలిసినప్పుడు ఆ రక్షణలు ఉంటాయని పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నారు, సరిగ్గా అమలు చేయలేదు, 1969లో తెలంగాణ భగ్గుమంది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ రూల్సు చెల్లుతాయంటే ఈసారి కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండు వైపులా రక్తం కారాక 1973లో ఆరు సూత్రాలంటూ రాజీ కుదిర్చి, 32వ సవరణతో రాజ్యాంగంలో 371డి అధికరణం పెట్టారు. దాని కింద వచ్చినవే రాష్ట్రపతి ఉత్తర్వులు. దేశంలో ఎవరైనా ఎక్కడైనా స్థిరపడొచ్చని 19వ అధికరణం చెబుతుంది, నిజమే. కానీ స్థిరపడినంత మాత్రాన సర్కారు కొలువులో, కాలేజీ సీటులో వాటా రాదు, ఇక్కడ దానికి వేరే లెక్క ఉంది.

సీట్ల లెక్క ఇది. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. లోకల్ అంటే పుట్టుక కాదు, అమ్మానాన్నల ఊరు కాదు, ఆధార్ చిరునామా అసలే కాదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. ఇంజినీరింగ్‌కైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మిగిలిన 15 శాతంలో ఒకప్పుడు ఆంధ్రా పిల్లలు కూడా పోటీ పడేవారు, విభజన చట్టం దానికి పదేళ్ల గడువిచ్చింది. 2024 జూన్ 2తో ఆ గడువు అయిపోయింది. 2025 ఫిబ్రవరిలో జీవో 15 వచ్చి ఆ 15 శాతానికి కూడా కంచె వేసింది: తెలంగాణ పిల్లలు, పదేళ్లు ఇక్కడ నివాసమున్నవాళ్లు లేదా వాళ్ల పిల్లలు, ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల పిల్లలు లేదా భార్యాభర్తలు, అంతే. మావాడి నాన్న టెక్కలిలో వ్యవసాయం చేస్తాడు. మావయ్య నివాసం లెక్కలోకి రాదు.

అందుకని నేను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాను, పిల్లల్ని తీసుకొస్తే ఎనిమిది పూర్తవగానే తీసుకురండి, లేదా ఇంటర్ అయిపోయేదాకా ఊళ్లోనే ఉంచండి. మధ్యలో కదిపితే మునిగేది వాళ్లే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇది హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకి కూడా తగులుతోంది. పిల్ల డాక్టర్ కావాలని పదో తరగతి అవగానే విజయవాడకో రాజస్థాన్‌లోని కోటాకో పంపేస్తారు. రెండేళ్ల తర్వాత నీట్ ర్యాంకుతో వెనక్కొస్తే నువ్వు లోకల్ కాదంటారు. తాతలనాటి ఇల్లు మలక్‌పేటలో ఉన్నా సరే. దీనిమీద కోర్టుకెళ్లారు, హైకోర్టులో కొంత ఊరట దొరికింది కానీ 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ల నిబంధన సరైనదేనని తేల్చేసింది. నాకైతే ఇది మరీ మొండి రూలనిపిస్తుంది, తల్లిదండ్రులు ఇక్కడే ఉండి పిల్ల మాత్రం రెండేళ్లు హాస్టల్లో ఉంటే పరాయిదైపోతుందా? కానీ రూలు రూలే, దాన్ని తెలుసుకుని నడవాలి.

ప్రభుత్వ ఉద్యోగాల కిటికీ దగ్గరికొస్తే లెక్క మళ్లీ మారిపోతుంది. అక్కడ ఇంటర్ అడగరు, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివావని అడుగుతారు. ఏ జిల్లాలో ఎక్కువేళ్లు చదివితే ఆ జిల్లాకి లోకల్. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లకే. అంటే మీరు శ్రీకాకుళం నుంచొచ్చినా అనంతపురం నుంచొచ్చినా, మీ పాప ఇక్కడి బడిలో ఒకటో తరగతిలో చేరి ఏడు దాకా చదివితే రేపు గ్రూప్స్ రాసేనాటికి అందరితో సమానం, మీ ఊరేదని ఎవరూ అడగరు. ఇందులో చిన్న మెలిక ఉంది. మనం హైదరాబాద్ అనుకునేదంతా హైదరాబాద్ జిల్లా కాదు. కూకట్‌పల్లి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా, గచ్చిబౌలి రంగారెడ్డి, పటాన్‌చెరు సంగారెడ్డి. మెట్రోలో నాలుగు స్టేషన్లు పోతే జిల్లా మారిపోతుంది. ఇల్లు మారినప్పుడల్లా బడి మార్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, జోన్ స్థాయి పోస్టులకైతే ఇవన్నీ చార్మినార్ జోన్‌లోకే వస్తాయి కాబట్టి అంత బాధ లేదు. ఐటీ కంపెనీలకి, ప్రైవేటు ఉద్యోగాలకి ఇదేమీ వర్తించదు. అందుకే మాదాపూర్‌లో పదేళ్లు పనిచేసినా చాలామందికి 371డి అనే మాటే వినపడదు, పిల్లాడు ఇంటర్‌కొచ్చేదాకా.

కులం సర్టిఫికెట్ సంగతి మా ఉత్తరాంధ్ర వాళ్లు మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి. రిజర్వేషన్ మనతోపాటు రైలెక్కి రాదు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ బీసీ జాబితా నుంచి 26 కులాల్ని తీసేశారు, అందులో తూర్పు కాపు, కాళింగ, కొప్పుల వెలమ, గవర, శెట్టిబలిజ ఉన్నాయి. జీడిమెట్ల, బాలానగర్ కంపెనీల్లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న కుటుంబాల పిల్లలు, ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినవాళ్లు, లోకల్ అవునంటారు కానీ బీసీ కాదంటారు. ఎస్సీ, ఎస్టీల విషయంలో కూడా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది.

ఇక రేషన్ కార్డు. ఇక్కడ మనసుకీ లెక్కకీ పొత్తు కుదరదు. తెలంగాణ కార్డుంటే సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు, దాన్నిబట్టే నెలకి 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితం. అద్దెకున్నవాళ్లకి కూడా వర్తిస్తుంది, మీటరు మాత్రం మీ వాటాకి వేరుగా ఉండాలి. కానీ ఊళ్లో కార్డులో పేరు ఉంటే ఇక్కడ కొత్తది రాదు, ఆధార్ దగ్గర పట్టుబడుతుంది. ఊళ్లో కార్డు వదులుకుందామా అంటే అమ్మ పింఛను అక్కడ. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను ఇప్పుడు 4 వేలు, తెలంగాణలో 2,016. నేను చూసినంతలో తెలివైన కుటుంబాలు ముసలివాళ్ల కార్డు వేరు చేసి ఊళ్లోనే ఉంచుతాయి, పడుచు జంట మాత్రం పేర్లు తీయించుకుని ఇక్కడ దరఖాస్తు పెట్టుకుంటుంది. పేరు తీసేసినట్టు కాగితం తీసుకోవడం మర్చిపోతే మళ్లీ ఊరికి పరుగెత్తాలి.

బస్సులో లోకల్ అంటే ఆధార్ మీద ఉన్న చిరునామా, అంతకుమించి ఏమీ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు, అయితే తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు చూపించాలి. నిన్న దిగి ఇవాళ చిరునామా మార్చుకున్నా చాలు. అద్దె ఇంట్లో కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది కదా ఎలా అంటారా, ఇంట్లో ఒక్కరి ఆధార్ మారితే చాలు, వాళ్లని ఇంటిపెద్దగా చూపించి మిగతావాళ్లవి మార్చుకోవచ్చు. మా ఆవిడ 2023 చివర్లో ఎగబడి మార్పించుకుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో కూడా ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశారు, అక్కడ ఆంధ్రా చిరునామా అడుగుతారు. ఇప్పుడు సంక్రాంతికి ఊరెళ్తే టెక్కలి బస్సులో వాళ్ల వదినకి సున్నా టికెట్టు, తనకి డబ్బులు. ఆ చిన్నతనం తను ఇంకా మర్చిపోలేదు.

బండి సంగతి చాలామంది నాన్చుతారు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలకి మించి తిప్పితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అంటే మొదట అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, లోనుంటే బ్యాంకు నుంచి ఇంకొకటి, తర్వాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్. బండి వయసునిబట్టి తగ్గుతుంది కానీ కట్టాలి. ఊళ్లో కట్టింది ఇక్కడ చెల్లదు, వాపసు కోసం అక్కడే అర్జీ పెట్టుకోవాలి. కొత్త కారు కొనే ఆలోచనుంటే హైదరాబాద్ వచ్చాకే కొనండి, ఏపీ 39 నంబరుతో దిగి టోల్ దాటి వచ్చి తర్వాత రెండోసారి పన్ను కట్టి టీజీ నంబరు వేయించుకున్నవాళ్లని చూశాను. డ్రైవింగ్ లైసెన్సుకి ఈ బెడద లేదు, ఎక్కడిదైనా దేశమంతా చెల్లుతుంది.

ఓటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎక్కడ ఉంటే అక్కడ, ఒక్కచోటే. మారాలంటే ఫారం 8. రెండు చోట్లా ఓటుంచుకుని రెండూ వేసేవాళ్లు మన చుట్టూ ఉన్నారు, అది నేరం, గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

ఇన్ని రూల్సు చెప్పాను, కానీ కొత్తగా వచ్చినవాళ్లకి అన్నిటికంటే ముందు ఎదురయ్యే కిటికీ ఇంటి ఓనరుది. దానికి జీవో లేదు. టూలెట్ బోర్డు చూసి లోపలికెళ్తే ఫ్యామిలీయా బ్యాచిలరా అంటారు, తర్వాత ఏ ఊరంటారు, కాసేపటికి గొంతు తగ్గించి ‘మీరేమిట్లు’ అంటారు. వెజ్జా నాన్‌వెజ్జా అన్నా కూడా చాలాసార్లు అడుగుతున్నది అదే. పెళ్లి కాకముందు నాకు నిజాంపేటలో ఒక ఇల్లు నచ్చింది, అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నాం, ఇంటిపేరు విన్నాక మర్నాడు ‘మా బంధువులు వస్తున్నారండీ’ అని ఫోనొచ్చింది. ఆ బంధువులు మూడు నెలలైనా రాలేదు, బోర్డు అలాగే వేలాడింది. మొదటి ఆరునెలలు అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, కేపీహెచ్‌బీ వైపు హాస్టల్లో ఉండి, ఆఫీసు దారి అలవాటయ్యాక ఇల్లు వెతుక్కోవడం మేలు. అడ్వాన్సు మామూలుగా రెండు నెలలది అడుగుతారు. అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ కోసం ఓనరు పాన్ నంబరు కావాలి, అది ఇస్తారా లేదా ముందే అడగండి, చేరాక అడిగితే మొహం మాడుస్తారు.

ఇంకా ముఖ్యం, నీళ్లు. ఇక్కడ మునిసిపల్ నీళ్లన్నిటినీ జనం మంజీరా అనే అంటారు, నిజానికి ఇప్పుడొచ్చేవి చాలావరకు నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. ‘మంజీరా ఉంది’ అని ఓనరు అంటే రోజు విడిచి రోజు ఎంతసేపు వస్తాయో, ఏప్రిల్‌లో బోరు పరిస్థితేంటో, ట్యాంకరు ఖర్చు ఎవరిదో అడగండి. ఆయన్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. ఇల్లు కొనేవాళ్లైతే చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు కూడని జాగా) గీతలు చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా అనే సర్కారు సంస్థ వచ్చాక ఆ గీతలు కాగితం మీద ఉండిపోవడం లేదు.

చివరి కిటికీ మనుషుల మాట. ‘సెటిలర్’ అనే మాట మీ చెవిన పడుతుంది, ముఖ్యంగా ఎన్నికలప్పుడు. కూకట్‌పల్లి, మియాపూర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ సెటిలర్ల ఏరియాలని పేపర్లు రాస్తాయి. ఇక్కడే పుట్టిన నలభై ఏళ్లవాణ్ని కూడా సెటిలరే అంటారు, మార్వాడీ దుకాణదారుని అలా అనరు, ఎందుకో నాకైతే పాలుపోలేదు. అలాగని మనవాళ్లు తక్కువేం తినలేదు. వచ్చిన కొత్తలో ఇక్కడి తెలుగుని వెక్కిరించడం, అది తెలుగే కాదన్నట్టు మాట్లాడటం నేను చెవులారా విన్నాను, నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మా ‘ఏటి’, ‘నాను’ విని విజయవాడ రూమ్మేట్లు నవ్వినప్పుడు తెలిసింది అదెలా ఉంటుందో. మా వీధిలో కూరగాయలమ్మే పెద్దమ్మ, నేను బంగాళాదుంప అంటే ఆలుగడ్డ అని, ఉల్లిపాయ అంటే ఉల్లిగడ్డ అని రెండేళ్లు ఓపిగ్గా సరిదిద్దింది. ఇప్పుడు ఊరెళ్లి ‘జర ఆగు’ అంటే మా నాన్న ఎగాదిగా చూస్తాడు. ఆటో అన్నతో నాలుగు ముక్కలు హిందీ కలిపి మాట్లాడటం, బోనాలకి పక్కింటివాళ్లు పిలిస్తే వెళ్లడం, ఇవి ఏ సర్టిఫికెట్‌కీ ఉపయోగపడవు కానీ ఏ రాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సొస్తే తోడొచ్చేది ఆ పక్కింటివాళ్లే.

మొన్న జూన్‌లో పాపని వేరే బడికి మార్చాం. టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్ కూడా ఇవ్వండి, ఒకటో తరగతి ఏ జిల్లాలో చదివిందో స్పష్టంగా రాయండి అన్నాను. కిటికీ అవతలి క్లర్కు అద్దాల మీదుగా నన్ను, నా పక్కన చాక్లెట్ చప్పరిస్తున్న పాపని చూసి, ‘రెండో తరగతికి ఇదెందుకు సార్’ అన్నాడు. లామినేషన్ చేయించి దాచుకుంటానన్నాను.